ప్లాస్మా పీహెచ్‌డీయా, అప్పు చేసి ఎమ్మెస్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. లేజర్‌తో ప్లాస్మాను కొట్టి అతినీలలోహిత కాంతి పుట్టించే పరిశోధన చేస్తానంటోంది. బంధువులంతా అప్పు చేసైనా ఫొటోనిక్స్ ఎమ్మెస్‌కు విదేశాలకు పంపమంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముప్పై దగ్గరపడినా పిల్ల స్థిరపడదేమోనన్నది మీ అసలు భయం. ముందు అది తగ్గించుకోండి. పీహెచ్‌డీకి ఇంట్లోంచి డబ్బు పెట్టక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటద్దె భత్యం అదనం.

ఫొటోనిక్స్ ఎమ్మెస్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. 2023లో అట్టోసెకండ్ (సెకనులో 10¹⁸వ వంతు) కాంతి మెరుపులకు నోబెల్ రావడంతో దానికి మెరుపొచ్చింది. ఆ కాంతి పుట్టింది గ్యాస్‌లో. మీ అమ్మాయి అడుగుతున్నది గాజులాంటి ఘనపదార్థం మీద పుట్టేది. 800 నానోమీటర్ల లేజర్ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁸ వాట్లు దాటాక, ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మాగా మారిన దాని పైపొర అంచు దాదాపు కాంతి వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఎదురొచ్చిన ప్రతిసారీ అద్దంలా కాంతిని నొక్కి తిప్పికొడుతుంది. అలా పుట్టే, లేజర్ ఫ్రీక్వెన్సీకి పూర్ణ సంఖ్య రెట్లుండే కాంతినే హార్మోనిక్ అంటారు. ఇరవయ్యో హార్మోనిక్ అంటే 40 నానోమీటర్లు.

పని చెడేది ఎక్కువగా అసలు పల్స్ కంటే ముందొచ్చే వెలుగు వల్ల. చదరపు సెంటీమీటరుకు 10²⁰ వాట్ల పల్స్‌కు ముందు అందులో పది కోట్లో వంతు వచ్చినా 10¹² అవుతుంది. గాజు ముందే ప్లాస్మాగా ఉబ్బిపోతుంది. అంచు మందం 80 నానోమీటర్ల దగ్గరుంటే మేలు. మైక్రాన్ల మేర పరుచుకుందా, హార్మోనిక్స్ పోయినట్టే. అందుకే ముందొచ్చే వెలుగును వదిలేసి అసలు పల్స్‌నే తిప్పికొట్టే ప్లాస్మా మిర్రర్‌ను దారిలో పెడతారు. ప్రతి షాట్‌కీ టార్గెట్‌ను జరపాలి, పాత గుంటమీద కొడితే లాభం లేదు. ఇవన్నీ ఏళ్ల తరబడి చేత్తో చేస్తేనే అబ్బుతాయి. క్లాసులతో గడిచే ఏడాది, రెండేళ్ల కోర్సు ఈ చేయి ఇస్తుందని నేను నమ్మను.

ఇక మీకో మాట. ఊళ్లో అందరినీ అడిగారు. ఇది ఎందుకు చేయాలనుందని అమ్మాయిని కూర్చోబెట్టి అడిగారా? ఈ పనికి హైదరాబాద్, ముంబై టీఐఎఫ్‌ఆర్‌లు, ఇండోర్ ఆర్‌ఆర్‌క్యాట్ లాంటి పరిశోధన సంస్థలు ఉండగా ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన దేనికి? పీహెచ్‌డీ అయ్యాక హంగరీలోని సెగెడ్ లేజర్ కేంద్రం లాంటి చోట్లకు జీతం మీదే ప్రయత్నించవచ్చు. శాస్త్రవేత్త ఉద్యోగాలు తక్కువే, దాచను. కానీ వాక్యూమ్, ఆప్టిక్స్, డిటెక్టర్లు తెలిసిన చేతికి పని దొరుకుతుంది. చిప్‌ల తయారీలో వాడే 13.5 నానోమీటర్ల కాంతి కూడా, పుట్టే తీరు వేరైనా, తగరం చుక్కలను లేజర్‌తో కొట్టగా వచ్చేదే.

ఈ సెలవుల్లో అమ్మాయిని ప్లాస్మాను కంప్యూటర్‌లో అనుకరించే ఎపోక్ గానీ స్మైలీ గానీ ల్యాప్‌టాప్‌లో వేసుకోమనండి, రెండూ ఉచితమే. ఒకే డైమెన్షన్, గడి ఒకటి రెండు నానోమీటర్లు, 30 ఫెమ్టోసెకండ్ల పల్స్ తిన్నగా పడాలి. అలా తిన్నగా పడితే బేసి హార్మోనిక్స్ మాత్రమే రావాలి. సరి సంఖ్యలు గట్టిగా కనిపిస్తే సెట్టింగుల్లో ఎక్కడో తప్పుంది. ఆ తప్పు వెతకడంలో అన్నం వేళ మర్చిపోతోందంటే, దరఖాస్తు ఫీజు కట్టేయండి.