చలికాలంలో పెరటి బాతులకు నీళ్లు

ప్రశ్న: పలమనేరు దగ్గర మా పెరట్లో ఆరు పెద్ద బాతులు, ఇంక్యుబేటర్‌లో పొదిగించిన పది రోజుల పిల్లలు ఎనిమిది ఉన్నాయి. మార్గశిరం వచ్చేసరికి తెల్లవారుజామున తొట్టి నీళ్లలో చెయ్యి పెట్టలేకపోతున్నాము. తొట్టి తీసివేయమంటారా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: తీసివేయవద్దండి. ఈకలకు నూనె పూత ఉండే పెద్ద బాతులకు మన ప్రాంతపు చలి ఒక లెక్క కాదు. ఈదడానికి కుంట లేకపోయినా అవి బతుకుతాయి గాని, ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు, అంటే సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్ల నీరు లేకపోతే ముక్కూ కళ్లూ శుభ్రం చేసుకోలేక జబ్బుపడతాయి; మేత పక్కనే నీరు లేకపోతే మేత గొంతుకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది. అసలు చిక్కు చలితో కాదు, తడితో. ఈశాన్య రుతుపవనాల వానలకు ఎలాగూ ఆరని నేల మీద బాతులు చిమ్మే నీళ్లు కూడా చేరతాయి కనుక, తొట్టిని గూటికి దూరంగా కంకర పరచిన చోట ఉంచి, రోజూ ఉదయం నీరు మార్చి, పాత నీటిని కొబ్బరి పాదుకు పోయండి. గూటిలో వరి ఊక పొడిగా ఉండాలి.

పిల్లల సంగతి వేరు. తల్లి లేకుండా పెరిగే పిల్లలకు ఆ నూనె రక్షణ ఉండదు. నాలుగు వారాల వరకు ఈదనివ్వక, గులకరాళ్లు వేసిన పళ్లెంలో తాగడానికి మాత్రమే నీరివ్వండి.

మీరు అడగకపోయినా ఒక మాట: ఈ తేమ రోజుల్లో బూజు పట్టిన వేరుశనగ చెక్క పెట్టవద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోళ్లకన్నా బాతులకే ఎక్కువ ప్రాణాంతకం.