నడుముకు పిస్టల్ కట్టుకునే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. పోయిన ఆదివారం ఫోనులో నువ్వు అడిగిన దానికి అప్పటికప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. రాత్రి పదకొండు గంటలకు షాపు మూసి, డబ్బు సంచితో కారు దాకా ఒంటరిగా నడవవలసి వస్తోందనీ, అందుకే పిస్టల్ కొన్నాననీ, టెక్సాస్‌లో పర్మిట్, అంటే లైసెన్సు, లేకుండానే వెంట ఉంచుకోవచ్చు గనుక తుపాకి శిక్షణ క్లాసు కోసం ఒక శనివారం పోగొట్టుకోవడం దేనికనీ అన్నావు. కొనడం గురించి నీతో వాదించను, అది నీ నిర్ణయం. క్లాసుకు మాత్రం వెళ్లి తీరాలి. ఎందుకో వివరంగా వ్రాస్తున్నాను, ఓపికగా చదువు.

2021 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన టెక్సాస్ చట్టం, 21 ఏళ్లు నిండి, తుపాకి కలిగి ఉండటానికి చట్టరీత్యా అడ్డంకి లేనివారు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్‌ను, అంటే పిస్టల్ వంటి చేతి తుపాకిని, బయట వెంట ఉంచుకోవచ్చునని చెప్పింది. నేడు 29 రాష్ట్రాలలో ఇటువంటి చట్టాలే ఉన్నాయి. లైసెన్సు నిబంధనతో పాటే, దాని కోసం తప్పనిసరిగా కూర్చోవలసిన క్లాసు కూడా పోయింది. బాధ్యత మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. బడిలోకి, కోర్టులోకి, పోలింగు కేంద్రంలోకి, మద్యం అమ్మకమే ప్రధాన ఆదాయమైన బారులోకి తుపాకితో అడుగుపెడితే నేరమే. తుపాకులు తేవద్దని ద్వారం దగ్గర పెట్టిన నోటీసు చూసుకోకుండా లోపలికి వెళ్లినా, తాగిన మత్తులో వెంట ఉంచుకున్నా చిక్కే. పూర్వం ఇవన్నీ బోధకుడు కూర్చోబెట్టి చెప్పేవాడు, ఇప్పుడు ఎవరికి వారు తెలుసుకోవాలి.

లైసెన్సు విధానం రద్దు కాలేదు. రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ దానిని ఇప్పటికీ 40 డాలర్ల రుసుముకు ఇస్తోంది, క్లాసు ఖర్చు వేరు. నాలుగు నుంచి ఆరు గంటల ఆ క్లాసులో బలప్రయోగానికి సంబంధించిన చట్టాలు, తగాదాను మాటలతో చల్లార్చడం, పిల్లల చేతికి అందకుండా భద్రపరచడం నేర్పుతారు. తరువాత కాల్పుల పరీక్ష ఉంటుంది: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది, మొత్తం యాభై తూటాలు. 250 మార్కులకు 175 వస్తే చాలు. మూడు గజాలంటే తొమ్మిది అడుగులే కనుక, ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన చేతికి నేర్పు వచ్చిందనుకోకు. లైసెన్సుతో నీకు నేరుగా కలిగే ప్రయోజనం మరొకటి ఉంది. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకి తీసుకువెళ్లడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. ఆ రాష్ట్రపు లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, పర్మిట్ లేకుండా వెంట ఉంచుకునేవారికి అది లేదు. రోజూ పాపను బడి దగ్గర దింపే తండ్రివి, ఇది నీ గుమ్మం ముందు మాట.

ఇక నాకు జరిగినది చెబుతాను. ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఒక రాత్రి పిస్టల్ శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ముందు స్లైడ్, అంటే పిస్టల్ పైభాగంలో వెనక్కి జరిగే భాగం, లాగాను, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చాంబర్‌లోని తూటా కింద పడింది. ఆ తరువాత పిడిలో తూటాలుండే మ్యాగజైన్ తీశాను. ఖాళీ అయిందని నమ్మాను. నేను స్లైడ్ వదిలిన క్షణంలోనే మ్యాగజైన్‌లోని పై తూటా చాంబర్‌లోకి ఎక్కిందన్న సంగతి గమనించలేదు. ఆ మోడల్ విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కవలసి ఉంటుంది, నొక్కాను. తూటా గోడను చీల్చుకొని పక్క గదిలో మా వాడు చదువుకునే బల్ల వెనుక గోడలోకి దిగింది. వాడు ఆ రాత్రి స్నేహితుడి ఇంట్లో ఉన్నాడు. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు మన ఊరి ఇటుక గోడలు కావు, రెండు అట్టల వంటి పలకల మధ్య ఖాళీ, అంతే. మ్యాగజైన్ ముందు, స్లైడ్ తరువాత అన్న క్రమం నాకు ఎవరూ చేతితో చేయించి చూపలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఈ ఉత్తరం వ్రాయడానికి ఆ రాత్రే కారణం.

కాబట్టి ఆ క్రమాన్ని నిద్రలో లేపి అడిగినా చేసేటట్లు అలవరచుకో. ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లైడ్‌ను రెండు మూడు సార్లు లాగి, వెనక్కి నిలిపి, చాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. అరిజోనాలో 1976లో శిక్షణాలయం స్థాపించిన జెఫ్ కూపర్ నేర్పిన నాలుగు నియమాలను నేటికీ బోధకులు చెబుతారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్లే భావించు. నాశనమైతే సహించలేని దాని వైపు గొట్టాన్ని తిప్పకు. గురి కుదిరే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకు. గురి ఏమిటో, దాని వెనుక ఏముందో తెలుసుకో. ఆ రాత్రి నేను వీటిలో మొదటిదాన్ని మరిచాను, మిగిలినవన్నీ దాని వెంటే పోయాయి.

హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, విషయంలో పిసినారితనం చేయకు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ట్రిగ్గర్ గార్డు మొత్తాన్ని కప్పే గట్టి హోల్‌స్టర్ కావాలి. పిస్టల్‌ను బయటికి తీయడం కన్నా తిరిగి లోపల పెట్టడమే ప్రమాదకరమైన పని, చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌కు చుట్టుకొని పేలిన సంఘటనలు ఉన్నాయి. చొక్కా ఎత్తి పట్టుకొని, చూస్తూ, నెమ్మదిగా పెట్టు.

ఇంట్లో నీ ఒంటి మీద లేని ప్రతి క్షణం అది తాళంలో ఉండాలి. దిండు కిందా, అల్మరా పైనా, కారు డ్యాష్‌బోర్డు అరలోనూ వద్దు. 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకి అందేలా వదిలితే టెక్సాస్‌లో అది నేరం, దానితో ఎవరికైనా తీవ్ర గాయమైతే శిక్ష ఇంకా పెరుగుతుంది. పిల్లల సంగతి ఒక్కటే కాదు నాయనా. అమెరికాలో తుపాకి మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరి మనసైనా కుంగినట్లు తోస్తే, నీ మనసే అయినా సరే, పిస్టల్‌ను కొంతకాలం నా దగ్గరికి చేర్చు, కారణం అడగను. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

నీకు గ్రీన్‌కార్డు ఉంది. నీతో ఉంటున్న బావమరిది హెచ్‌వన్‌బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. వేట లైసెన్సు వంటి మినహాయింపులు లేకుండా ఇటువంటి వలసేతర (తాత్కాలిక) వీసాపై ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటం సమాఖ్య నేరం. అతన్ని సరదాకి కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకువెళ్లి చేతికి ఇవ్వకు, తుపాకి పెట్టె తాళం సంకేతం చెప్పకు. సందర్శక వీసా మీద వచ్చే మీ అమ్మానాన్నలకూ ఇదే మాట. రేంజ్‌కు వాడే సంచిని ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడవద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో శంషాబాద్‌లో ఆయుధ చట్టం కింద కేసు తప్పదు.

డబ్బు సంచి గురించి నా అభిప్రాయం చెబుతాను. ఎవడైనా ఎదురుగా నిలబడి అడిగితే ఇచ్చేయి. చట్టం నీకు ఎంత వెసులుబాటు ఇస్తుందన్నది లాయరు చెప్పవలసిన మాట, ఒక మనిషిని కాల్చిన తరువాత బతికే జీవితం గురించి లాయరు చెప్పలేడు. దానికి ముందే చేయవలసినవి ఉన్నాయి: పగటిపూటే బ్యాంకులో జమ చేయడం, మూసేటప్పుడు ఇద్దరు ఉండటం, కారును తలుపు దగ్గర దీపం కింద నిలపడం. పిస్టల్ నడుముకు ఉన్నంతసేపూ రోడ్డు మీద ప్రతి వాదనలోనూ నువ్వే ఓడిపోవాలి. పోలీసు నీ కారును ఆపితే లోపలి దీపం వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి, తుపాకి ఉన్న సంగతి మెల్లగా చెప్పి, అతను చెప్పే వరకు కదలకుండా కూర్చో.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిదింటికి మా ఇంటికి రా. పిస్టల్‌ను ఖాళీ చేసి, పెట్టెలో తాళం వేసి తీసుకురా. చెవులకూ కళ్లకూ రక్షణ సామగ్రి నా దగ్గర ఉంది, తూటాలు నేనే తెస్తాను. రేంజ్ నుంచి వచ్చాక సీసపు ధూళి పోయేలా చేతులు కడుక్కొని గానీ పాపను ఎత్తుకోవద్దు. మీ ఆవిడను కూడా వెంట తీసుకురా. ఆమెకు కాల్చడం ఇష్టం లేకపోతే కాల్చనవసరం లేదు, కానీ ఆ ఇంట్లో ఉన్న వస్తువును సురక్షితంగా ఖాళీ చేయడం ఆమెకూ వచ్చి ఉండాలి.

ఆశీస్సులతో,
మామయ్య