పిల్లల లంచ్ బాక్సులో చిరుతిళ్ళ ఖర్చు మా ఇంట్లో ఎలా తగ్గింది

ఇద్దరు పిల్లల లంచ్ బాక్సుల్లో పెట్టే చిరుతిళ్ళకే నెలకు 1,500 రూపాయలు దాటుతోందనీ, పిల్లలను నొప్పించకుండా తగ్గించే దారి చెప్పమనీ మీరు అడిగారు. విజయవాడ పటమటలో ఉంటున్న మాకూ ఇద్దరు పిల్లలే. రెండేళ్ల క్రితం వరకు మాకూ ఇంచుమించు ఇంతే అయ్యేది, ఇప్పుడు 600 దాటడం లేదు.

ముందుగా పొట్లం మీద ధరను కాక నికర బరువును చూడండి. నేను చూసిన రోజున 20 రూపాయల చిప్స్ పొట్లంలో ఉన్నవి 40 గ్రాములే, అంటే కిలో 500 రూపాయలు పడుతోంది. అదే వారం మేము కొన్న వేరుశనగ గుళ్ళు కిలో 160 రూపాయలు.

అప్పటినుంచి మా ఇంట్లో ప్రధానంగా వేరుశనగ అచ్చులే చేస్తున్నాను. కిలో గుళ్ళను సన్నని సెగ మీద దోరగా వేయించి, పొట్టు చెరిగి, ముప్పావు కిలో బెల్లం పాకంలో కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి, వేడి తగ్గకముందే గాట్లు పెడితే సుమారు 80 ముక్కలు వస్తాయి. ముక్క మూడు రూపాయలు కూడా పడదు. పాకం దగ్గర మాత్రం తొందరపడకండి. చుక్క నీళ్ళలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి, లేదంటే అచ్చులు మర్నాటికే పళ్ళకు అంటుకుంటాయి. మీ పిల్లల తరగతిలో వేరుశనగ పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో టీచరును ముందే అడగడం మంచిది. ఉంటే నువ్వుపప్పుతో చేయవచ్చా అన్నదీ అప్పుడే కనుక్కోండి.

చౌకగా వస్తోందని ఎక్కువ కొనడం వల్ల మేము నష్టపోయాం. ఒకసారి ఐదు కిలోల కారప్పూస తెచ్చాం. సగం పిల్లలు సెలవుల్లో ఇంట్లోనే తినేశారు, మిగిలింది నూనె కంపు వచ్చి పారేయవలసి వచ్చింది. ఇప్పుడు గుళ్ళు, బెల్లం, అటుకులు గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో మా అపార్ట్‌మెంట్‌లోని మూడు కుటుంబాలం కలిసి కొని పంచుకుంటాం. చేసినవాటిని ఆదివారం సాయంత్రమే వారానికి సరిపడా పది చిన్న డబ్బాల్లో సర్ది మూతలు పెట్టేస్తాను. నిజానికి మాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది ఈ సర్దుబాటే, ఎందుకంటే పెద్ద డబ్బా కళ్ళ ముందు ఉంటే వారం సరుకు మంగళవారానికే అయిపోయేది.

వారంలో రెండు రోజులు రైతు బజారులో ఆ రోజు చౌకగా ఉన్న పండు పెడతాను. జామకాయ ముక్కలకు కాస్త ఉప్పు, కారం చల్లితే డబ్బా ఖాళీగా తిరిగి వస్తుంది. శీతాకాలంలో ఉడికించిన తేగలూ ఇష్టంగానే తింటారు. సున్నుండలు పిల్లలకు ఎంతో మంచివి గానీ, నెయ్యి ధర వల్ల ఖర్చు తగ్గించే లెక్కలోకి రావు, కాబట్టి నెలకు ఒక్కసారే చేస్తాను.

శనివారం మాత్రం వాళ్లకు నచ్చిన పొట్లం వాళ్లే ఎంచుకుంటారు, ఒక్కొక్కరికి 20 రూపాయలలోపు. మొదటి నెల దీన్ని కూడా ఆపేశాను. మా చిన్నది పక్క పిల్ల డబ్బా వైపు చూస్తూ కూర్చుంటోందని టీచరు చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. నాలుగు శనివారాలకు ఇద్దరికీ కలిపి అయ్యే ఆ 160 రూపాయలను ఇప్పుడు నెల లెక్కలో అన్నింటికంటే ముందు పక్కన పెడుతున్నాను.