తృప్తి అంటే ఏమిటని అడిగిన సోదరికి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పదహారేళ్లుగా ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్క్‌గా చేస్తున్నాను. మా వారికి ఇదే ఊళ్లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. పాప తొమ్మిదో తరగతి. మామయ్యగారు మాతోనే ఉంటారు. ఈసారి ఆఫీసర్ ప్రమోషన్‌కు ఎంపికయ్యాను. ఒప్పుకుంటే వేరే జిల్లాకో, వేరే రాష్ట్రానికో వెళ్లాలి. “నీకు కుటుంబం కంటే ఉద్యోగం ఎక్కువా?” అని మా వారు అడుగుతున్నారు. “ఉన్నంతలో గుట్టుగా బతకాలమ్మా, మనిషికి తృప్తి ఉండాలి” అని మామయ్యగారు అంటున్నారు. మా అమ్మ పది రూపాయలు కావాలన్నా నాన్నను అడిగేది. నేను ఇంత దూరం వచ్చాను, ఇంకేం కావాలి అని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అసలు తృప్తి అంటే ఏమిటి? జీవితంలో దేనికి విలువ ఇవ్వాలి? నెలాఖరులోగా నా నిర్ణయం చెప్పాలి.
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ప్రమోషన్ గురించి అడుగుతున్నారనుకున్నాను. మళ్లీ చదివితే, మీ ఇంట్లో కొన్ని పెద్ద మాటలు తిరుగుతున్నాయని, వాటి బరువు మీ ఒక్కరి మీదే పడుతోందని అర్థమైంది. తృప్తి, కుటుంబం, విలువ. ముగ్గురూ అవే మాటలు అంటున్నారు గానీ ఎవరి అర్థం వాళ్లది. అందుకే ఎంత మాట్లాడుకున్నా గొడవ తెగడం లేదు.

మామయ్యగారి మాటే తీసుకుందాం. ఆయన తరంలో చాలామందికి తృప్తి అంటే అప్పులవాడు గుమ్మం తొక్కకపోవడం, పిల్లల పెళ్లిళ్లు అయిపోవడం, నలుగురిలో మాట పడకపోవడం. వాన రాకపోతే ఏడాదంతా గడ్డుగా నడిచిన రోజుల్లోంచి వచ్చిన మాట అది. దాన్ని చిన్నచూపు చూడకండి. ఆయన మీకు అడ్డం పడాలని కాకుండా, తనను కాపాడిన మందే మీకూ ఇస్తున్నారని నేననుకుంటున్నాను. కానీ ఒకరి మందు ఇంకొకరికి సరిపడాలని లేదు. తృప్తి ఎవరికి వారికి లోపల కలగాలి. “తృప్తి పడు” అని బయటినుంచి చెప్పినప్పుడు మనకు వినిపించేది “ఊరుకో” అని మాత్రమే.

మన పెద్దలు చెప్పిన పురుషార్థాలు నాలుగు: ధర్మం, అర్థం, కామం, మోక్షం. అందులో అర్థానికి, అంటే సంపాదనకూ బతుకుతెరువుకూ, రెండో చోటు ఇచ్చారు. ధర్మం తప్పకుండా సంపాదించుకోమన్నారే తప్ప సంపాదనే తప్పని అనలేదు. “పైకి రావాలనుకోవడం అత్యాశేమో” అని మీరు భయపడుతున్నట్టుంది, అందుకే ఈ సంగతి గుర్తుచేస్తున్నాను.

ఇక మీ వారు. ఆయన “కుటుంబం” అన్నప్పుడు కళ్ల ముందు ఏం కనిపిస్తోందో మీరు అడిగారా? షాపు మూసి తొమ్మిదిన్నరకు ఇంటికొస్తే వంటింట్లో లైటు వెలగకపోవడమా? మామయ్యగారికి మాత్రలు ఎవరు గుర్తుచేస్తారనా? వచ్చే ఏడాది పాప పదో తరగతి పరీక్షలా? లేక భార్య ఆఫీసరై వెళ్లిపోయింది, ఆయన ఇక్కడే షాపులో కూర్చున్నాడు అని బజార్లో ఎవరైనా అంటారనా? చివరిది నా ఊహే, నిజం కాకపోవచ్చు. అయితే ఇలాంటి భయాన్ని మగవాళ్లు ఆ పేరుతో చెప్పరు, “కుటుంబం” అనే పెద్ద మాట కింద దాస్తారు. ఇన్నేళ్లలో చాలా ఇళ్లలో చూశాను.

కాబట్టి “మీ దృష్టిలో కుటుంబం అంటే ఏమిటి?” అని అడక్కండి. దానికి ఉపన్యాసమే జవాబుగా వస్తుంది. “నేను వెళ్తే మొదటి సోమవారం పొద్దున మీకు ఏం కష్టమవుతుంది?” అని అడగండి. ఆయన చెప్పినవి ఒక కాగితం మీద రాసుకోండి, మధ్యలో జవాబులు చెప్పకండి. టిఫిన్, క్యారేజీ, ట్యూషన్, మాత్రలు, కరెంటు బిల్లు అని వస్తాయి. వాటిలో సగానికి మనిషినో డబ్బునో పెట్టి దారి చూడొచ్చు. దారి దొరకనివి రెండో మూడో మిగులుతాయి, మీ ఇద్దరూ నిజంగా కూర్చుని మాట్లాడుకోవాల్సింది వాటి గురించే.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరం మధ్యలో అమ్మ గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పది రూపాయలకు కూడా నాన్నను అడిగేదని. నాకు ఆ వాక్యమే అన్నిటికంటే ముఖ్యమనిపించింది. ఆఫీసర్ కావడం ఒక మెట్టు. ఎక్కితే అయిపోతుంది, ఎక్కకపోతే ఆగిపోతుంది. ఆ మెట్టు వెనక మీరు దేన్ని పట్టుకున్నారన్నదే విలువ. అది డబ్బా? చేయి చాచకుండా బతకడమా? చేతనైన పని చేయగలిగానన్న నమ్మకమా? పాప ముందు ఒక దారి వేసి చూపించడమా? చేయి చాచకుండా బతకడమే అయితే, అది మీకు ఈపాటికే దక్కింది. ప్రమోషన్ లేకపోయినా పోదు. చేతనైనదంతా చేసి చూడాలన్నదే అయితే, దాన్ని అణిచిపెట్టి “తృప్తిగా ఉన్నాను” అనడం కష్టం. ఏది మీదో నేను చెప్పలేను. తేల్చుకోవడానికి ఒక పద్ధతి మాత్రం చెబుతాను.

మిల్టన్ రోకీచ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ఒక పరీక్షలో 18 చొప్పున రెండు పట్టీలు ఉంటాయి. మొదటిది జీవితంలో చేరుకోవాలనుకునేవి: కుటుంబ భద్రత, స్వేచ్ఛ, ఆత్మగౌరవం, మనశ్శాంతి లాంటివి. రెండోది నడవడికకు సంబంధించినవి: నిజాయితీ, బాధ్యత, విధేయత లాంటివి. ఒక్కోదానికి మార్కులు వేయమంటే అన్నీ ముఖ్యమే అంటాం. అందుకే ఆయన వరుస పెట్టమన్నాడు. ఒకటి పైకి రావాలంటే ఇంకొకటి కిందికి దిగాలి. అక్కడే మనసు విలవిల్లాడుతుంది.

మీరూ, మీ వారూ విడివిడిగా ఒక ఎనిమిది మాటలు చీటీల మీద రాసి వరుస పెట్టండి. తర్వాత ఒకరివి ఒకరు చూసుకోండి. పక్కనే ఇంకో కాగితం మీద గత నెలలో మీ సమయం, డబ్బు దేనికి పోయాయో రాయండి. రెండూ కలవకపోతే కంగారు పడకండి, చాలామందికి కలవవు. చూడాల్సింది ఇంకొకటుంది. మన ఆడపిల్లలకు సర్దుకుపోవడాన్నే గమ్యంగా నేర్పారు. రోకీచ్ విధేయతను పెట్టింది రెండో పట్టీలో. అంటే అది ఎక్కడికైనా చేరుకోవడానికి నడిచే తీరు మాత్రమే. మీరు సర్దుకుని ఎక్కడికి చేరాలనుకుంటున్నారో మీ చీటీల్లో కనిపించాలి.

ఇంకొక పని. మూడు రోజులు ప్రమోషన్ వద్దని చెప్పేసినట్టే మనసులో అనుకుని గడపండి. ఆ తర్వాత మూడు రోజులు ఒప్పుకున్నట్టు గడపండి. ఎవరికీ చెప్పకండి. ఏ మూడు రోజుల్లో అన్నం సయించింది, ఏ మూడు రోజుల్లో పాప మీద ఊరికే విసుక్కున్నారు, రాత్రి నిద్ర ఎలా పట్టింది, రాసుకోండి. తృప్తికీ నిరాశకూ తేడా మాటల్లో కంటే ఒంట్లో ముందు తెలుస్తుంది. ఇవన్నీ చేసినా నిద్ర రాకపోతే దగ్గర్లోని డాక్టరుకు చూపించుకోండి.

బ్యాంకు సంగతి కూడా ఒకటి. పెళ్లయిన మహిళా ఉద్యోగులు కోరితే భర్త ఉన్న చోటో, వీలైనంత దగ్గరలోనో పోస్టింగ్ ఇవ్వాలని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ రంగ బ్యాంకులకు సూచించింది. అది హక్కు కాదు, తప్పకుండా ఇస్తారనీ కాదు. మీ బ్యాంకులో ఇప్పుడు ఎలా అమలవుతోందో యూనియన్ వాళ్లనీ, ఇంతకుముందు ఇలాగే వెళ్లొచ్చిన ఆడవాళ్లనీ నిర్ణయానికి ముందే కలవండి. ఎంత దూరమో తెలియకుండా దూరం గురించి పోట్లాడుకోవడం దండగ.

నా అభిప్రాయం దాచను. మీ ఉత్తరం చదివితే వెళ్లాలనే మీకుందనిపిస్తోంది. ఇంట్లో సర్దుబాటు కుదిరితే వెళ్లమనే అంటాను. వద్దనుకుంటే, అది మీ నిర్ణయంగానే తీసుకోండి. దాన్ని త్యాగం అనకండి. త్యాగం అని పేరు పెడితే అది ఇంట్లో అప్పులా పెరుగుతుంది. “మీకోసమే వదులుకున్నాను” అన్న మాట ఒకరోజు పాప చెవిన పడుతుంది, అడగని అప్పు ఆ పిల్ల తీర్చాల్సి వస్తుంది.

అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో పాప ఏమందో మీరు రాయలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు తన అభిప్రాయం ఉంటుంది. మీ వారితో కూర్చునే ముందు ఒక సాయంత్రం ఆమెను ఒంటరిగా అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి.