నదీ పరీవాహక ప్రాంతంలో దొరికే నవీన శిలాయుగపు కుండల కాలాన్ని ఎలా నిర్ణయిస్తారు?

సాధారణంగా తేదీ కట్టేది కుండ పెంకుకు కాదు, అది దొరికిన పొరకు. పొరల వరుసను, కుండల ఆకారాన్ని, పూతను బట్టి ఏది ముందో ఏది తర్వాతో ముందు తేల్చుకుంటారు. ఆపైన అదే పొరలోని మాడిన ధాన్యపు గింజలను కార్బన్-14 పరీక్షకు పంపుతారు; జీవి చనిపోయాక తరిగిపోతూ వచ్చే ఈ రేడియోధార్మిక కార్బన్ ఎంత మిగిలిందో కొలిచి వయసు చెబుతారు. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ పద్ధతికి ఒక్క గింజ చాలు. బొగ్గుకన్నా గింజే నయం: గింజ ఒక్క ఏడాది పంట, బొగ్గు ముసలి చెట్టు నడిమి చేవదైతే తేదీ వందేళ్లో, అంతకన్నా ఎక్కువో వెనక్కి జరుగుతుంది.

నదుల దగ్గర అసలు చిక్కు కుండ లోపల అంటుకున్న మాడుతో వస్తుంది. అందులో చేప వండి ఉంటే, సున్నపురాయి నుంచి నీటిలో కరిగిన పాత కార్బన్ చేప ద్వారా చేరి, వయసును వందల ఏళ్లు ఎక్కువగా చూపించవచ్చు. అంచులు అరిగి నునుపెక్కిన పెంకులను వరద వేరేచోటి నుంచి తెచ్చి ఉండొచ్చు. వాటిని పక్కన పెట్టాలి.

ల్యాబ్ ఇచ్చే ‘బీపీ’ అంకె (1950 నుంచి వెనక్కి లెక్కించే కార్బన్ వయసు) క్యాలెండర్ సంవత్సరం కాదు. ఉత్తరార్ధగోళంలో, కార్బన్ వయసును క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే ఇంట్‌కాల్20 వక్రరేఖతో సరిచేస్తే 4500±30 బీపీ సుమారు క్రీ.పూ. 3350–3100 అవుతుంది. 1950 తీసేసి 2550 అని రాసుకుంటే కనీసం ఐదు వందల ఏళ్లు తప్పినట్టే.