స్కార్ఫ్ మీద ‘ఎమీలియో’ అని మాత్రమే ఉంటే నకిలీయేనా?

ఇటలీ ఫ్యాషన్ బ్రాండ్ ‘ఎమీలియో పుచ్చి’ పాత స్కార్ఫ్ కొన్నాను, ప్రింట్‌లో ‘పుచ్చి’ అని లేదు, మోసపోయానా అని అడిగారు కదండీ. ఆ ఒక్క కారణంతో నకిలీ అనుకోకండి. (తెలుగులో పురుగు పట్టినట్టు వినిపిస్తుంది గానీ, అది ఫ్లోరెన్స్‌లోని పాత జమీందారీ వంశం ఇంటిపేరు.) ఆ బ్రాండ్ స్థాపించిన మార్కీ (అక్కడి కులీనుల బిరుదు) ఎమీలియో పుచ్చి 1947లో స్కీయింగ్ దుస్తులతో గుర్తింపు పొంది, 1950 నాటికి కాప్రి ద్వీపంలో దుకాణం తెరిచారు. డిజైన్లలో సంతకం మాత్రం మొదటి పేరుతోనే చేసేవారు.

ఆ సంతకం చిన్న చేతిరాతలో, రంగుల గీతల్లో కలిసిపోయి ఉంటుంది. పగటి వెలుగులో భూతద్దంతో వెతకండి. డిజైన్‌తో పాటే అచ్చయి ఉండాలి. పైన విడిగా, మందంగా అద్దినట్టుంటే అనుమానించాలి. నకిలీవాళ్లూ సంతకం కాపీ కొడతారు కాబట్టి అంచు కూడా చూడండి. పాత పట్టు స్కార్ఫ్‌కి అంచు గుండ్రంగా చుట్టి చేత్తో కుట్టి ఉంటుంది, కుట్ల దూరం కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చదునుగా మడిచిన మిషన్ కుట్టయితే నేనైతే డబ్బు పెట్టను.

రంగు పోతుందో లేదో తేలేదాకా ఉతకొద్దు. తడిపిన తెల్ల నూలుగుడ్డను ఒక మూల నిమిషం అదిమి చూడండి. రంగు అంటితే నీళ్లు తగలనివ్వకండి, డ్రై క్లీనింగే.