పోచంపల్లి గుడ్డ ముక్కలు అతికించి రంగులు వేసే పెయింటింగ్ ఎలా చేస్తారు?

నల్లగొండలో మీరు చూసిన బొమ్మలో పోచంపల్లి చీర ముక్కలు అతికించి వాటి మీద రంగులు వేశారన్నారు, దాన్నే మిక్స్‌డ్ మీడియా అంటారు. ఇంట్లోనూ చేయొచ్చు, వరస మాత్రం తప్పొద్దు. ముందు అక్రిలిక్ (నీళ్లతో కలిపే, త్వరగా ఆరే రంగు), అది బాగా ఆరాక ఆయిల్ (నూనెతో చేసిన రంగు). తిరగేసి ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే పట్టు దొరక్క కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడొస్తుంది, నా మొదటి రెండు కాన్వాసులు అలాగే పోయాయి. మొదట్లో అంతా ఆయిలే వాడేవాణ్ణి, ఆరడానికి రోజులు పట్టేది. అక్రిలిక్‌కి మారాక ఒక్క పూటలో నాలుగు పొరలు వేయగలుగుతున్నా.

గుడ్డను అక్రిలిక్ మీడియంతో (జిగురులా పనిచేసే, రంగు కలపని అక్రిలిక్) అతికించి పైన కూడా ఒక పూత ఇవ్వండి, లేకపోతే నూనె నేరుగా పీల్చుకుని గుడ్డ మెల్లగా పెళుసైపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదురును కుంచెతో సరిదిద్దకండి, నాకైతే బొమ్మంతటికీ అదే అందం. అన్నట్టు, అతికించే ముందు ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి, రంగు దిగితే అది పక్కన పెట్టేయండి.